ఎవరి ఖాతాకు ఏ ప్రాక్సీ? దారి వేరు చేయాల్సిన చోటు

కావలికీ ఒంగోలుకూ మధ్య జాతీయ రహదారి 16 పక్కన ఒక ఇంజనీరింగ్ కళాశాల ఉందనుకుందాం. 1,200 మంది విద్యార్థులు, 110 మంది అధ్యాపకులు, ఆఫీసులో 15 మంది సిబ్బంది. ఇంటర్నెట్‌కు రెండు లింకులు. ఒకటి స్థిర ఐపీ (ఎప్పుడూ మారని ఇంటర్నెట్ చిరునామా) ఉన్న 100 ఎంబీపీఎస్ లీజ్డ్ లైను (సంస్థకే ప్రత్యేకంగా కేటాయించిన లింకు), రెండోది 500 ఎంబీపీఎస్ ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్. లైబ్రరీ చందా కట్టిన జర్నళ్లు లీజ్డ్ లైను మీదే తెరుచుకుంటాయి, ఎందుకంటే ప్రచురణ సంస్థల దగ్గర నమోదైన చిరునామా అదే. ఆఫీసులో ఫీజుల పని, స్కాలర్‌షిప్పుల పని మధ్యలో తెగకూడదు. విద్యార్థుల వీడియో పాఠాలు మాత్రం ఏ చిరునామా నుంచి వచ్చినా ఫర్వాలేదు, వేగం ఉంటే చాలు. కాబట్టి అధ్యాపకులకు ఒకటి, ఆఫీసుకు ఒకటి, విద్యార్థులకు ఒకటి, మొత్తం మూడు ప్రాక్సీ సర్వర్లు, అంటే బ్రౌజర్ల తరఫున ఇంటర్నెట్‌కు వెళ్లి వచ్చే మధ్యవర్తి కంప్యూటర్లు, పెడతారు.

ఇంతవరకూ కాగితం మీద గీయడం తేలికే. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. కంప్యూటర్ ముందు కూర్చున్నది అధ్యాపకుడా, విద్యార్థా అన్న సంగతి ఏ పెట్టెకు, ఏ క్షణంలో తెలుస్తుంది? ఐపీ చిరునామాను బట్టి విడదీద్దామంటే, పొద్దున విద్యార్థులు వాడిన ల్యాబ్ కంప్యూటర్ మీదే మధ్యాహ్నం అధ్యాపకుడు పేపర్లు వెతుకుతాడు. కంప్యూటర్ అదే, మనిషి వేరు. అందుకే ఖాతాను బట్టే విడదీయాలి. పెన్నా డెల్టాలో ఏ కాలువకు ఎన్ని గంటలు నీరు వదలాలో లస్కరు తూము దగ్గరే తేలుస్తాడు, నీరు పొలంలో పడ్డాక పంపకం మాట్లాడి లాభం లేదు. ఇక్కడా అంతే. ఖాతా ఎవరిదో ఖాయంగా తెలిసే చోటు ఒకటి ఉంటుంది. దారి అక్కడే వేరు కావాలి. ఈ అమరికలో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఆ చోటు తప్పుగా ఎంచుకోవడం వల్ల వచ్చేవే.

బ్రౌజర్‌కు తెలియని సంగతి

చాలామంది ముందుగా పట్టుకునేది ప్యాక్ ఫైలు. ఇది చిన్న జావాస్క్రిప్ట్ ఫైలు. పేజీ తెరిచే ముందు బ్రౌజర్ ఇందులోని ఫంక్షన్‌ను పిలిచి వెబ్ చిరునామా, హోస్ట్ పేరు అందిస్తుంది. ఏ ప్రాక్సీకి వెళ్లాలో ఆ ఫంక్షన్ చెబుతుంది. అందే వివరాలు ఆ రెండే. యూజర్‌నేమ్ అందులో ఉండదు. పైగా హెచ్‌టీటీపీఎస్ పేజీలకైతే ఇప్పటి బ్రౌజర్లు చిరునామాలోని పాత్ భాగాన్ని కూడా తీసేసి, సైటు పేరు మాత్రమే ఇస్తాయి. అంటే ఏ సైటుకు ఏ ప్రాక్సీ అన్నదానికి ప్యాక్ ఫైలు చక్కగా సరిపోతుంది. ఏ మనిషికి ఏ ప్రాక్సీ అన్నదానికి మాత్రం దాని దగ్గర సమాధానం లేదు.

దీనికి ఒక మార్గం ఉంది. విండోస్ డొమైన్‌లో (ఖాతాలన్నీ ఒకే చోట నడిచే విండోస్ నెట్‌వర్క్) ఎవరి ఖాతాతో వాళ్లు లాగిన్ అయ్యే ఏర్పాటు ఉంటే, గ్రూప్ పాలసీ (కేంద్రం నుంచి సెట్టింగులు పంపే ఏర్పాటు) ద్వారా అధ్యాపకుల గ్రూపుకు ఒక ప్యాక్ చిరునామా, విద్యార్థుల గ్రూపుకు మరొకటి పంపవచ్చు. ఇక్కడ మనిషిని గుర్తుపట్టేది విండోస్ లాగిన్, బ్రౌజర్ కాదు. అయితే ల్యాబ్‌లో అందరూ ఒకే సాధారణ ఖాతాతో లాగిన్ అయ్యే అలవాటు ఉంటే ఈ పద్ధతి అక్కడితో ఆగిపోతుంది. ఫోన్లకూ, సొంత ల్యాప్‌టాప్‌లకూ ఇది వర్తించదు. ఇంకో సంగతి, సెట్టింగు యూజర్ చేతిలో ఉన్నంతకాలం దాన్ని మార్చుకోవడం ఎవరికైనా రెండు నిమిషాల పని. కాబట్టి ప్యాక్ ఫైలు సౌకర్యం కోసమే తప్ప కట్టుబాటు కోసం కాదు.

ప్యాక్ వాడేవాళ్లు తెలుసుకోవాల్సినది మరొకటుంది. వరుసలో రెండు ప్రాక్సీలు రాసినప్పుడు మొదటిది పలకకపోతే బ్రౌజర్ దాన్ని చెడిపోయినదిగా గుర్తుపెట్టుకుంటుంది. క్రోమ్ దాన్ని దాదాపు 5 నిమిషాలు పక్కన పెడుతుంది. ఫైర్‌ఫాక్స్ 30 నిమిషాలు పెడుతుంది. సర్వర్ ఒక్క నిమిషంలో రీస్టార్ట్ అయినా, ఫైర్‌ఫాక్స్ వాడే అధ్యాపకుడు అరగంట పాటు రెండో దారిలోనే ఉండిపోతాడు. అతనికి జర్నల్ తెరుచుకోదు. లైబ్రరీకి ఫోన్ వస్తుంది. అక్కడ చూస్తే అంతా బాగానే ఉంటుంది. వరుస చివర నేరుగా వెళ్లమనే మాట రాసి ఉంటే ఇబ్బంది ఇంకా పెద్దది, అన్ని ప్రాక్సీలూ తప్పించుకుని ట్రాఫిక్ బయటికి పోతుంది.

ముందు ఒక ద్వారం, వెనుక మూడు

ఎక్కువ చోట్ల నిలబడే పద్ధతి ఇది. అందరి బ్రౌజర్లకూ ఒకే ప్రాక్సీ చిరునామా ఇస్తారు. స్క్విడ్ అనే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ అయితే మామూలుగా 3128 పోర్టు. ఈ ముందు ప్రాక్సీ ఇంటర్నెట్‌కు నేరుగా వెళ్లదు. ఖాతా అడిగి, ఎవరో తేల్చుకుని, వెనుక ఉన్న మూడు పేరెంట్ ప్రాక్సీల్లో ఒకదానికి అప్పగిస్తుంది.

గుర్తింపు జరిగేది 407 అనే జవాబుతో. బ్రౌజర్ మొదటి అభ్యర్థన ఉత్తచేతులతో వస్తుంది. ప్రాక్సీ 407 ఇస్తుంది. బ్రౌజర్ ఖాతా వివరాలు జతచేసి మళ్లీ పంపుతుంది. అందుకే లాగ్‌లో ప్రతి యూజర్‌కూ ముందు ఒక నిరాకరణ, వెంటనే ఒక అనుమతి కనిపిస్తాయి. ఎన్‌టీఎల్‌ఎం అనే విండోస్ లాగిన్ పద్ధతిలో అయితే అలాంటి నిరాకరణలు రెండేసి వస్తాయి. కొత్తగా లాగ్ చూసేవాళ్లు వీటిని దాడి అనుకుని కంగారు పడుతుంటారు, అవసరం లేదు. ఒకే యూజర్‌కు 407లు వరుసగా వస్తూ అనుమతి ఎప్పటికీ రాకపోతేనే చూడాలి.

హెచ్‌టీటీపీఎస్ సైటుకైతే బ్రౌజర్ ముందుగా కనెక్ట్ అభ్యర్థన పంపుతుంది. ఖాతా వివరాలు ఆ ఒక్క అభ్యర్థనలోనే ఉంటాయి. సొరంగం తెరుచుకున్నాక లోపల ఏం జరిగినా ప్రాక్సీకి కనిపించదు, మళ్లీ అడగడానికీ వీలుండదు. అంటే దారి నిర్ణయం సొరంగం తెరిచేటప్పుడు ఒక్కసారే జరుగుతుంది. ఒక ఖాతాను విద్యార్థి గ్రూపు నుంచి అధ్యాపక గ్రూపుకు మార్చినా, అప్పటికే తెరిచి ఉన్న సొరంగాలు పాత దారిలోనే నడుస్తాయి. బ్రౌజర్ పూర్తిగా మూసి తెరవమని చెప్పడం వెనుక కారణం ఇదే.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువమందిని ఇబ్బంది పెట్టే మెలిక. స్క్విడ్‌లో ఏసీఎల్ నియమాలు, అంటే ఎవరికి ఏది వర్తిస్తుందో చెప్పే షరతులు, రెండు రకాలు. వేగంగా తేలేవి కొన్ని, బయట ఎవరినో అడిగి తేల్చుకోవాల్సినవి కొన్ని. యాక్టివ్ డైరెక్టరీలో (విండోస్ డొమైన్ ఖాతాల జాబితా) ఈ మనిషి ఏ గ్రూపులో ఉన్నాడో అడగడం రెండో రకం. దానికి హెల్పర్ (స్క్విడ్ తరఫున అడిగి వచ్చే చిన్న ప్రోగ్రాం) ఆ డైరెక్టరీ ఉన్న ఎల్‌డ్యాప్ సర్వర్ దాకా వెళ్లి రావాలి. అయితే ఏ పేరెంట్‌కు పంపాలో నిర్ణయించే క్యాష్_పీర్_యాక్సెస్ అనే ఆదేశం అంతసేపు ఆగదు. వేగంగా తేలే నియమాలనే అది నమ్మకంగా చూడగలదు. గ్రూపు నియమాన్ని నేరుగా అక్కడ రాస్తే, హెల్పర్ జవాబు అప్పటికే జ్ఞాపకంలో ఉన్నప్పుడు సరిగ్గా పనిచేస్తుంది, లేనప్పుడు తప్పుతుంది. ఒకే యూజర్ ఒకసారి సరైన దారిలో, ఇంకోసారి తప్పు దారిలో పోవడం కనిపిస్తుంది. ఇలా అప్పుడప్పుడూ వచ్చే తప్పు ఎప్పుడూ ఉండే తప్పుకంటే కష్టం, పరీక్షించిన ప్రతిసారీ బాగానే కనిపిస్తుంది కాబట్టి.

పరిష్కారం ఇలా ఉంటుంది. హెల్పర్ చేత అవును, కాదు అనిపించి ఊరుకోకుండా, జవాబుతోపాటు ఒక గుర్తు కూడా ఇప్పించాలి. ఉదాహరణకు దారి=అధ్యాపక, దారి=ఆఫీసు, దారి=విద్యార్థి. స్క్విడ్ 3.4 నుంచి ఈ గుర్తులు అభ్యర్థనకు అతుక్కుని ఉంటాయి. నోట్ అనే ఏసీఎల్ వాటిని చదువుతుంది, అది వేగంగా తేలే రకం. కాబట్టి బయట అడిగే పని అనుమతి తేల్చే హెచ్‌టీటీపీ_యాక్సెస్ దశలో పూర్తవుతుంది, దారి ఎంచే దశలో అప్పటికే అతికి ఉన్న గుర్తు చూస్తే చాలు. ఇక్కడ ఒక జాగ్రత్త. హెచ్‌టీటీపీ_యాక్సెస్ వరుసలు పైనుంచి కిందికి చదవబడతాయి, సరిపోయిన మొదటి వరుస దగ్గర ఆగిపోతాయి. ఎవరో పైన ఒక సాధారణ అనుమతి వరుస కలిపితే హెల్పర్‌ను అడగడమే జరగదు, గుర్తు పడదు, అభ్యర్థనకు ఏ పేరెంటూ దొరకదు. గుర్తు వేసే వరుస అన్ని అనుమతులకూ పైన ఉండాలి.

ఇంకో ముఖ్యమైన వరుస నెవర్_డైరెక్ట్, అంటే నేరుగా వెళ్లొద్దన్న ఆదేశం. దాన్ని అందరికీ వర్తింపజేయాలి. లేకపోతే స్క్విడ్ తన సహజ స్వభావం ప్రకారం కనెక్ట్ అభ్యర్థనలను పేరెంట్‌కు ఇవ్వకుండా తానే నేరుగా తీసుకెళ్తుంది. లక్షణం స్పష్టంగా ఉంటుంది. పాత హెచ్‌టీటీపీ సైటు తెరిస్తే సరైన ఐపీ కనిపిస్తుంది, హెచ్‌టీటీపీఎస్ సైటు తెరిస్తే ముందు ప్రాక్సీ సొంత ఐపీ కనిపిస్తుంది. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్సే కాబట్టి, ఈ ఒక్క వరుస మరిస్తే మూడు ప్రాక్సీలూ ఊరికే తిరుగుతుంటాయి.

వెనుక ఉన్న పేరెంట్‌లు ముందు ప్రాక్సీ ఐపీ నుంచి వచ్చే కనెక్షన్లను మాత్రమే తీసుకోవాలి. ఈ ఫైర్‌వాల్ నియమం లేకపోతే అధ్యాపకుల ప్రాక్సీ చిరునామా తెలిసిన విద్యార్థి దాన్నే తన బ్రౌజర్‌లో రాసుకుంటాడు. పేరెంట్ లాగ్‌లోనూ యూజర్ పేరు కనిపించాలంటే పేరెంట్ వివరాలు రాసే క్యాష్_పీర్ వరుసలో లాగిన్ దగ్గర నక్షత్రం పెట్టి, దాని తర్వాత ఒక ఉమ్మడి రహస్యపదం ఇవ్వాలి. అప్పుడు అసలు యూజర్‌నేమ్, ఆ ఉమ్మడి పదం వెనక్కి వెళ్తాయి. యూజర్ సొంత పాస్‌వర్డ్ రెండో సర్వర్‌కు చేరదు.

పేరు ఒకటే, రాత నాలుగు రకాలు

ఒకే మనిషి బేసిక్ (పేరు, పాస్‌వర్డ్ నేరుగా పంపే) పద్ధతిలో వస్తే ఉత్త యూజర్‌నేమ్‌తో వస్తాడు. ఎన్‌టీఎల్‌ఎంలో డొమైన్ పేరు, వాలుగీత, తర్వాత యూజర్‌నేమ్. పాస్‌వర్డ్‌కు బదులు టికెట్లతో నడిచే కెర్బరోస్‌లో యూజర్‌నేమ్ తర్వాత ఎట్ గుర్తు, పెద్దక్షరాల్లో డొమైన్. ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని దానంతటదే పెద్దది చేస్తే నాలుగో రూపం. యాక్టివ్ డైరెక్టరీకి ఇవన్నీ ఒకటే. టెక్స్ట్ ఫైలులో పేర్లు రాసుకుని పోల్చే ఏసీఎల్‌కు మాత్రం నాలుగూ నలుగురు మనుషులు. హెల్పర్ లోపలే డొమైన్ భాగం తీసేసి, అన్నీ చిన్నక్షరాలు చేసి, ఆ తర్వాతే గ్రూపు వెతకాలి. కెర్బరోస్ హెల్పర్‌కు డొమైన్ తీసేసే ఐచ్ఛికం సిద్ధంగానే ఉంది.

గ్రూపుల్లోనూ ఒక మెలిక ఉంది. యాక్టివ్ డైరెక్టరీలో ఒక ఖాతాకు సంబంధించిన మెంబర్‌ఆఫ్ జాబితాలో నేరుగా చేరిన గ్రూపులే కనిపిస్తాయి. విభాగాల వారీగా గ్రూపులు పెట్టి, వాటన్నిటినీ అధ్యాపకులు అనే పెద్ద గ్రూపులో చేర్చి ఉంటే, ఆ పెద్ద గ్రూపు పేరు ఆ జాబితాలో రాదు. ప్రైమరీ గ్రూపు కూడా రాదు. గొలుసును లోపలి దాకా వెతికే ప్రత్యేక మ్యాచింగ్ రూల్ ఒకటి ఉంది కానీ పెద్ద డైరెక్టరీలో అది నెమ్మది. ఇంత చిన్న సంస్థకు మేలైనది, దారి కోసమే మూడు చదునైన గ్రూపులు పెట్టి మనుషులను నేరుగా వాటిలో చేర్చడం. ఏ గ్రూపులోనూ లేనివాడికి విద్యార్థి దారి ఇవ్వాలి. రెండింట్లో ఉంటే ఏది గెలవాలో హెల్పర్‌లో ముందే రాసి ఉంచాలి. పీహెచ్‌డీ చేస్తూ పాఠాలు చెప్పే వాళ్లు ఇలాంటివాళ్లే, ప్రతి కళాశాలలోనూ ఉంటారు.

జ్ఞాపకం ఎంతసేపు

స్క్విడ్ ఒకసారి తెలుసుకున్నదాన్ని కొంతసేపు గుర్తుంచుకుంటుంది. బేసిక్ పాస్‌వర్డ్ సరైనదన్న సంగతి మామూలుగా 2 గంటలు. బయటి హెల్పర్ ఇచ్చిన జవాబు 3,600 సెకన్లు, అంటే గంట. ఉద్యోగం వదిలిన మనిషి ఖాతా డైరెక్టరీలో ఆపేసిన తర్వాత కూడా రెండు గంటల వరకూ ప్రాక్సీ తలుపు తెరుచుకునే ఉంటుందన్నమాట. పాస్‌వర్డ్ జ్ఞాపకాన్ని తగ్గించి, గ్రూపు జవాబును 300 సెకన్లకు, కాదన్న జవాబును 60 సెకన్లకు తగ్గిస్తే సరిపోతుంది. సున్నా చేయకూడదు. అలా చేస్తే పేజీలోని ప్రతి బొమ్మకూ, ప్రతి స్క్రిప్టుకూ డైరెక్టరీని అడగాల్సి వస్తుంది.

హెల్పర్ల సంఖ్య కూడా చూడాలి. బయటి ఏసీఎల్‌కు గరిష్ఠంగా 5 హెల్పర్లు అన్నది స్క్విడ్ సొంత లెక్క. పొద్దున 9 గంటలకు నాలుగు ల్యాబుల్లో ఒకేసారి 240 మంది లాగిన్ అయితే ఆ అయిదుగురి ముందు క్యూ కడతారు. క్యాష్ లాగ్‌లో క్యూ నిండిందన్న హెచ్చరిక వస్తుంది, అది ముదిరితే స్క్విడ్ ఆగిపోవచ్చు కూడా. ఇంతమందికి 20 నుంచి 30 హెల్పర్లు, అందులో 10 మొదటినుంచే సిద్ధంగా ఉంచడం మేలు.

కెర్బరోస్ వాడితే గడియారం పట్టించుకోవాలి. సర్వర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య తేడా 5 నిమిషాలు దాటితే టికెట్ చెల్లదు. పాత ల్యాబ్ కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక ఆ కంప్యూటర్ ఏళ్ల వెనక తేదీతో లేస్తుంది. అప్పటిదాకా అడగని పాస్‌వర్డ్ పెట్టె ఒక్కసారిగా బ్రౌజర్‌లో ప్రత్యక్షమైతే, ప్రాక్సీని కదిలించే ముందు టాస్క్‌బార్‌లో తేదీ చూడాలి. తక్కువ ధరకు దొరికే ఆ బ్యాటరీ మార్చడం చాలాసార్లు మొత్తం మరమ్మతు. ప్రాక్సీని ఐపీతో కాకుండా పూర్తి పేరుతో ఇవ్వడం కూడా తప్పనిసరి, కెర్బరోస్ టికెట్ పేరు మీదే పుడుతుంది.

ఫోన్లకు వేరే తూము

హాస్టల్ ఫోన్లలో చాలా యాప్‌లు వైఫై ప్రాక్సీ సెట్టింగును లెక్కచేయవు. అందుకని ట్రాఫిక్‌ను దారిలో పట్టుకుని ప్రాక్సీలోకి మళ్లించే ఏర్పాటు చేస్తారు. అక్కడ 407 పనిచేయదు, ఎందుకంటే ఫోన్ తాను ప్రాక్సీతో మాట్లాడుతున్నానని అనుకోదు. ఖాతా తెలిసే చోటు ఇక్కడ వైఫై లాగిన్. ఎంటర్‌ప్రైజ్ రకం వైఫై పెట్టి, యాక్సెస్ పాయింట్ ద్వారా ఖాతాలు సరిచూసే రేడియస్ సర్వర్‌ను అడిగిస్తే, అది అనుమతితోపాటు ఆ ఖాతా ఏ వీల్యాన్‌లో (నెట్‌వర్క్‌లో విడదీసిన భాగం) చేరాలో చెబుతుంది. మూడు విలువలు వెళ్లాలి: టనెల్ రకం 13, మాధ్యమం రకం 6, వీల్యాన్ సంఖ్య. ఒక్కటి తప్పినా చాలా యాక్సెస్ పాయింట్లు మాట్లాడకుండా యూజర్‌ను సాధారణ వీల్యాన్‌లో పడేస్తాయి. ప్రతి వీల్యాన్ తన లింకుకు తాను వెళ్తుంది. ఫోన్ మ్యాక్ చిరునామాను (వైఫై పరికరం గుర్తింపు సంఖ్యను) ఖాతాతో ముడిపెట్టుకునే పాత పద్ధతి ఇప్పుడు నిలవదు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు నెట్‌వర్క్‌కో వేరే మ్యాక్ వాడుతున్నాయి.

మళ్లింపు ఉన్న చోట ఫైర్‌వాల్‌లో యూడీపీ 443 మూయాలి. లేకపోతే యూడీపీ మీద నడిచే క్విక్ పద్ధతి వాడే సైట్లు టీసీపీ మీద పెట్టిన మళ్లింపుకు దొరక్కుండా పోతాయి. మూసేస్తే అవే టీసీపీకి తిరిగి వస్తాయి.

లింకు తెగిన రోజు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరంలో వాయుగుండాల కాలం. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం లాంటి తుపాను వచ్చినప్పుడు లింకు తెగడం వింత కాదు. రోడ్డు పక్క తవ్వకాల్లో ఫైబర్ తెగడానికి తుపాను కూడా అక్కర్లేదు. ఆ రోజు ఖాతాల దారి ఏమవ్వాలన్నది ముందే తేల్చుకోవాలి.

ముందు ప్రాక్సీ పేరెంట్ ప్రాణంతో ఉందో లేదో చూసే తీరు పరిమితమైనది. దాని పోర్టుకు కనెక్షన్ కుదిరితే బతికున్నట్టే లెక్క. పేరెంట్ సర్వర్ బాగానే ఉండి దాని వెనుక లీజ్డ్ లైను మాత్రమే తెగితే, ముందు ప్రాక్సీకి ఏమీ తెలియదు. అధ్యాపకులందరినీ అక్కడికే పంపుతూ ఉంటుంది. దీనికి పేరెంట్ మీదే చిన్న స్క్రిప్టు నడపాలి. అది 30 సెకన్లకోసారి బయట రెండు వేర్వేరు చిరునామాలను పలకరిస్తుంది. మూడుసార్లు వరుసగా రెండూ పలకకపోతే ముందు ప్రాక్సీకి తన 3128 పోర్టు మూసేస్తుంది. మూసే పద్ధతి డ్రాప్ (జవాబివ్వకుండా వదిలేయడం) కాకూడదు, రిజెక్ట్ (కాదని వెంటనే చెప్పడం) కావాలి. డ్రాప్ చేస్తే ప్రతి ప్రయత్నమూ 30 సెకన్లు ఎదురుచూస్తుంది, 10 విఫలమయ్యాకే పేరెంట్‌ను చనిపోయినదిగా గుర్తిస్తారు. టీసీపీ రీసెట్‌తో రిజెక్ట్ చేస్తే ఆ పదీ క్షణాల్లో అయిపోతాయి.

తర్వాత ఎవరు ఎటు? ఆఫీసు ఖాతాలకు రెండో పేరెంట్‌గా బ్రాడ్‌బ్యాండ్‌ను అనుమతించడం మంచిది, పని ఆగకూడదు కాబట్టి. అధ్యాపకులకూ అలాగే, జర్నళ్లు తెరుచుకోవని ముందే చెప్పి. కానీ బ్రాడ్‌బ్యాండ్ తెగినప్పుడు 1,200 మంది విద్యార్థులను 100 ఎంబీపీఎస్ లీజ్డ్ లైను మీదికి వదలకూడదు. వదిలితే పది నిమిషాల్లో ఆఫీసు పని కూడా ఆగుతుంది. వాళ్లకు రెండో పేరెంట్ ఇవ్వకుండా, లింకు పోయిందని తెలుగులో స్పష్టంగా చెప్పే పేజీ చూపించడమే సరి.

లింకు బాగున్న రోజుల్లోనూ ఒక ఖాతా అభ్యర్థనలన్నీ ఒకే దారిలో పోవాలి. బ్యాంకు సైటులో లాగిన్ ఒక ఐపీ నుంచి, తర్వాతి క్లిక్ మరో ఐపీ నుంచి వెళ్తే చాలా సైట్లు సెషన్ తెంచేస్తాయి. విద్యార్థులకు మూడు పేరెంట్‌లు ఉండి ఖాతా పేరు హ్యాష్‌ను (పేరు నుంచి లెక్కగట్టిన సంఖ్యను) మూడుతో భాగించి శేషాన్ని బట్టి పంచుతున్నారనుకుందాం. నాలుగోది కలిపిన రోజు నూటికి 75 ఖాతాల దారి మారిపోతుంది. పేరెంట్‌లు పెరిగినా తక్కువ ఖాతాలే కదిలే కన్సిస్టెంట్ హ్యాషింగ్ వాడితే మారేవి సుమారు 25. హ్యాష్ ఖాతా పేరు మీదే చేయాలి, ప్రాక్సీ ఆథరైజేషన్ హెడర్ మొత్తం మీద కాదు. ఆ హెడర్‌లో బేసిక్ అయితే పాస్‌వర్డ్ కలిసి ఉంటుంది, కెర్బరోస్ అయితే ప్రతిసారీ కొత్త టికెట్ వస్తుంది.

లాగ్ చదివి నిర్ధారించడం

ఇదంతా పెట్టాక నమ్మాల్సింది ముందు ప్రాక్సీ యాక్సెస్ లాగ్‌నే. ప్రతి వరుస చివర యూజర్ పేరు, దాని తర్వాత పేరెంట్ రకం, పేరెంట్ ఐపీ ఉంటాయి. ఆ చోట హయర్_డైరెక్ట్ (నేరుగా వెళ్లింది) అన్న మాట ఒక్కటి కనిపించినా ఎక్కడో కారుతున్నట్టే. యూజర్ పేరు చోట గీత కనిపించి, జవాబు 407 కాకుండా 200 అయితే, ఎవరో ఖాతా లేకుండానే లోపలికి వచ్చారు, పైన ఏదో అనుమతి వరుస తెరిచి ఉంది. ప్రతి గ్రూపుకూ ఒక పరీక్ష ఖాతా పెట్టుకుని, తన ఐపీ చూపించే సైటును హెచ్‌టీటీపీలోనూ హెచ్‌టీటీపీఎస్‌లోనూ తెరిచి చూడాలి. డొమైన్ పేరుతో కలిపి ఒకసారి, పెద్దక్షరాలతో ఒకసారి లాగిన్ కావాలి. స్క్విడ్ రీస్టార్ట్ చేసిన వెంటనే, జ్ఞాపకం ఖాళీగా ఉన్నప్పుడు, మొదటి అభ్యర్థన ఎటు పోయిందో తప్పకుండా చూడాలి. వేగ నియమాల మెలిక దొరికేది అప్పుడే.

2022 ఏప్రిల్ 28న దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు ఇలాంటి లాగ్‌లను 180 రోజులు ఉంచాలి, గడియారాలను ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) టైం సర్వర్లతో కలుపుకోవాలి. ఖాతా పేరుతో ఉన్న లాగ్ అంటే ఒక మనిషి ఏ రోజు ఏ సైటుకు వెళ్లాడన్న జాబితా. అది ల్యాబ్ టెక్నీషియన్ల ఉమ్మడి ఫోల్డర్‌లో ఉండకూడదు. చదివే అధికారం ఒకరిద్దరికే ఇచ్చి, 181వ రోజు ఫైలు దానంతటదే తొలగిపోయేలా లాగ్‌రొటేట్ అనే ప్రోగ్రాం పెట్టి, ఆ అమరిక నిజంగా పనిచేస్తోందో నెలకోసారి ఫైళ్ల తేదీలు చూసి సరిచూసుకోవాలి.